ఎండాకాలం కాపురం: కూనూరా, డెహ్రాడూనా?

మార్చి నెలాఖరుకి ఇంటికి తాళం వేసి కొండెక్కేస్తే ఆవకాయ ఎవరు పెడతారు? చల్లని ఊళ్లో వేసవి కాపురం గురించి పార్కు బెంచీల మీద గంటల తరబడి చర్చించే రిటైర్డు పెద్దమనుషుల్లో ఈ ప్రశ్న వేసినవారిని నేనింతవరకూ చూడలేదు. ఎక్కడ ఎన్ని డిగ్రీలో చెబుతారు, గజం ఎంతో చెబుతారు, విమానం ఎన్నింటికో చెబుతారు. మామిడికాయ కోతకొచ్చే రోజుల్లో, మనవలకు సెలవులిచ్చే రోజుల్లో, వారానికి రెండు శుభలేఖలు గుమ్మంలో పడే రోజుల్లో ఇల్లు విడిచిపెట్టి పోవడమని మాత్రం ఎవరూ అనరు.

అయినా పోవాల్సి వస్తోంది. మా రాజమండ్రికి మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. అరవై అయిదు దాటిన ఒంటికే అది కొత్త. పగలంతా ఏసీ గదిలో తలుపులేసుకుని కూర్చోవడం, సాయంత్రం కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని వీధరుగు మీదికి రావడం రెండేళ్లు చేశాక మేమూ కొండల దారి పట్టాం. మూడు వేసవులు కూనూరులో ఉన్నాం. డెహ్రాడూన్‌లో రెండు విడతలు, ఒకటి మేలో, ఒకటి అక్టోబరులో. ఆ రెండు ఊళ్లనే పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

మన కొండలుండగా అంత దూరమెందుకంటారా? అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలంలో బాగుంటుంది, వేసవిలోనూ కింద ఊళ్లంత మాడదు. కానీ అది గిరిజన ప్రాంతం. 1959 నాటి నిబంధనను 1970లో బిగించి తెచ్చిన 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనకూడదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టి చేసింది. అది న్యాయమే. మన చల్లదనం కోసం వాళ్ల నేల పోకూడదు. హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు. అక్కడున్నది విడిదే గాని ఊరు కాదు. కూరగాయల బజారు, మందుల షాపు, రాత్రి తలుపు తీసే ఆసుపత్రి ఉన్నదాన్నే నేను ఊరంటాను.

కూనూరు, డెహ్రాడూన్ రెంటికీ మనవాళ్లతో పాత బంధుత్వముంది. 1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు కిందే ఉండేవి. తెల్లదొరల కాలంలో ఎండాకాలం వస్తే మద్రాసు ప్రభుత్వం ఊటీకి మకాం మార్చేది. గోదావరి జిల్లాల ఫైళ్లు కూడా ఆ కొండెక్కేవి. కూనూరు ఆ దారిలోనిదే. పక్కనే వెల్లింగ్టన్‌లో సైనికాధికారుల స్టాఫ్ కాలేజీ ఉంది కాబట్టి మన సైనిక కుటుంబాలకు ఆ ఊరు బాగా తెలుసు. డెహ్రాడూన్ మాట చెప్పాలంటే, రాజమండ్రిలో ప్రతి వీధికీ ఓ ఓఎన్‌జీసీ కుటుంబం ఉంటుంది, ఆ సంస్థ పుట్టింటి ఊరు డెహ్రాడూన్. సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయమూ అక్కడే. ఉప్పల్‌లో ఆ శాఖ శిక్షణ సంస్థ ఉండడంతో హైదరాబాదు వాళ్లకీ రాకపోకలున్నాయి. ఉద్యోగంలో ఉండగా ఓ మూడేళ్లు ఉండి వచ్చిన ఊరిమీద మమకారం పోదు. మావారి స్నేహితులు నలుగురు డెహ్రాడూన్ పాట పాడేది అందుకే.

ఆ మమకారంతోనే మొదటి తప్పు చేశాం. డెహ్రాడూన్ అనగానే హిమాలయం, హిమాలయం అనగానే చలి అనుకుని మేలో వెళ్లాం. దిగిన మూడో రోజున కూలర్ అద్దెకు తెచ్చుకున్నాం. ఊరు కొండమీద లేదు, కొండల మధ్య లోయలో ఉంది. ఎత్తు 640 మీటర్లు, అరకు కంటే తక్కువే. పైకి ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఆ లెక్కన 640 మీటర్లకు దక్కేది నాలుగు డిగ్రీలు. మే, జూన్లలో మధ్యాహ్నం 36, 37 మామూలు, కొన్నేళ్లు 40 దాటుతుంది. రాత్రుళ్లు మాత్రం మన ఉక్క ఉండదు, అదొక్కటే ఊరట. పైనున్న ముస్సోరీ 2,000 మీటర్లు, అక్కడ చల్లనే. కానీ ఆ మెట్ల వీధులు, ఆ సీజను జనం వయసు మీరినవాళ్ల కాపురానికి కుదరవు. ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2020లో గైర్సైణ్‌ను వేసవి రాజధానిగా ప్రకటించింది. అందుకు కారణం కొండ జిల్లాల జనం చిరకాల కోరికే గాని, డెహ్రాడూన్‌లో కూలర్ అద్దెకు తెచ్చుకున్న నాలాంటి వాళ్లకు అందులో వేరే అర్థం కనబడుతుంది.

కూనూరు 1,850 మీటర్లు. ఏప్రిల్‌లో కూడా పగలు 25 దాటితే ఊరివాళ్లు ఎండ మండిపోతోందంటారు, మనకు నవ్వొస్తుంది. సాయంత్రం శాలువా కావాలి. ఈ పోటీలో చల్లదనం పేపరు వరకు కూనూరుకు నూటికి నూరు.

చల్లదనంతో పాటు వచ్చేవి కొన్నున్నాయి, అవి వంటింట్లో తెలుస్తాయి. మొదటి వేసవి మొదటి పూట కందిపప్పు గిన్నెలో పడేసి స్టవ్ మీద పెట్టాను, రాజమండ్రిలో అలవాటు కొద్దీ. గంటయింది, పప్పు పప్పులాగే ఉంది. ఆ ఎత్తున నీళ్లు 94 డిగ్రీలకే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. కుక్కరు మూత పెడితేనే పప్పుడికేది. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బి పెడితే పొద్దుటికి పొంగదు, దుప్పటి కప్పి ఇంకో పూట ఆగాలి. ఉప్పు తడిసి ముద్దవుతుంది. మంచు దిగిన వారమంతా బట్టలారవు. అలమరలో పెట్టిన తోలు చెప్పులకి తెల్లగా బూజు పడుతుంది. ఇంటినుంచి తీసుకెళ్లిన ఆవకాయ జాడీ మీద వారానికోసారి నూనె తేలిందో లేదో చూసుకోవడం నాకో ఉద్యోగమైంది. వంట పని సగమైనా నేనందుకుంటానని వెళ్లేముందు మావారన్న మాట ఆ చలికి గడ్డకట్టుకుపోయింది. రిటైరైంది ఆయన ఉద్యోగమే, నా వంటిల్లు కాదు.

గాలి మాట కూడా చెప్పాలి. కూనూరు ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే అయిదో వంతు తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండు రోజుల ఆయాసం, అంతే. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు, గుండె నీరసించినవాళ్లు వైద్యుణ్ని అడగకుండా బయల్దేరకూడదు. చలికి రక్తపోటు పెరుగుతుంది, మాత్ర మోతాదు అక్కడికెళ్లాక మార్చాల్సి రావచ్చు. డెహ్రాడూన్ 640 మీటర్లతో ఈ బాధేమీ లేదు.

వానల లెక్క చాలామందికి తెలియదు, తెలుసుకోకుండా అద్దె కట్టేస్తారు. నీలగిరుల్లో ఊటీ పడమటి వైపున జూన్ నుంచి నైరుతి వానలు దంచుతాయి. కూనూరు తూర్పు అంచున ఉంది. దాని అసలు వానకాలం అక్టోబరు, నవంబరు, డిసెంబరు. 2009 నవంబరులో కొండచరియలు విరిగి ఆ జిల్లాలో 40 మందికి పైగా పోయారు. ఆ నెలల్లో ఘాటు రోడ్డూ కొండ రైలూ మూసేయడం మామూలే. కాబట్టి కూనూరు కాపురం ఫిబ్రవరి నుంచి జూన్ నడుమనే. డెహ్రాడూన్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల పైచిలుకు కురుస్తుంది, అందులో ముప్పాతిక జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. 2025 సెప్టెంబరు నడిమిలో సహస్రధార వైపు కుండపోత కురిసి తమసా నది తపకేశ్వర్ గుడిని ముంచెత్తింది. ఊరి మధ్య పారే రిస్పనా, బిందాల్ వాగులు ఏడాదిలో తొమ్మిది నెలలు మురుగుకాలువల్లా ఉంటాయి. వాటి ఒడ్డున చవగ్గా ఇల్లు దొరికిందంటే ఎందుకు చవకో అడగండి. డిసెంబరు, జనవరుల్లో అక్కడ చలి అయిదు డిగ్రీల దాకా దిగుతుంది, పొగమంచుకి సూర్యుడు పదింటిదాకా కనబడడు. మిగిలినవి అక్టోబరు, నవంబరు, మళ్లీ ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాలు. ఆ నెలల్లో డెహ్రాడూన్ అంత హాయైన ఊరు నేను చూడలేదు. అక్టోబరు ఉదయం మేడమీదికెళితే వాన కడిగిన ముస్సోరీ కొండ చెయ్యి చాస్తే అందేలా ఉంటుంది. కానీ ఆ నెలల్లో మన ఊళ్లూ బాగానే ఉంటాయి. ఎండ తప్పించుకోవడానికి డెహ్రాడూన్‌కి వెళ్లడంలో మతలబు ఇదీ.

నడక దగ్గర ఊళ్లు తారుమారవుతాయి. డెహ్రాడూన్ నేల మెల్లగా వాలిందే గాని మోకాలికి తెలియదు. అడవి పరిశోధన సంస్థ ఆవరణ ఒక్కటే వెయ్యెకరాల పైన. 1929లో కట్టిన ఆ ఎర్ర ఇటుకల భవనం ముందు పచ్చికలో నడవడం దేవుడి దయ. కూనూరులో నడక అంటే ఎక్కడమో దిగడమో, మధ్యస్థం లేదు. బజారు, బస్టాండు, రైల్వేస్టేషను కింది కూనూరులో ఉంటాయి. 1874లో వేసిన సిమ్స్ పార్కు, మంచి ఇళ్లు పై కూనూరులో. కొత్తిమీర కట్టకోసం దిగితే పైకి ఆటోలో రావాల్సిందే. సాయంత్రం ఆరు దాటితే అడవిదున్నలు రోడ్డుమీదికొస్తాయి. మా వీధి మలుపులో ఒకటి, మన ఎడ్లబండంత ఉంటుంది, తాపీగా గోడ పక్క గడ్డి మేస్తుంటే ఇరవై నిమిషాలు కూరగాయల సంచీతో నిలబడిపోయాం. స్థానికులు దాన్ని చూసీ చూడనట్టు పక్కనుంచి పోయారు. మొదట్లో ముచ్చట, తరవాత సాయంకాలాలు ఇంట్లోనే.

ఇక ఆసుపత్రి. దీనిమీద నేను ఎక్కువసేపు ఆగుతాను.

కూనూరులో రెండో వేసవిలో ఒక రాత్రి పదిన్నరకి మావారు మంచం మీద లేచి కూర్చుని ఛాతీ పట్టేసినట్టుందన్నారు. ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, మాత్ర వేశారు, స్పష్టంగా ఏమీ చెప్పలేం, కోయంబత్తూరు తీసుకెళ్లండి అన్నారు. వాళ్లు తప్పుగా చేసిందేమీ లేదు, చిన్న ఊళ్లో అంతకంటే చేయగలిగిందీ లేదు. కోయంబత్తూరు 70 కిలోమీటర్లు. అందులో మొదటి 33, మేట్టుపాళయం దాకా, మలుపులే మలుపులు, 1,500 మీటర్ల దిగుడు. ఆ రాత్రి మంచు. టాక్సీ డ్రైవరు అద్దం దించి తల బయటపెట్టి రోడ్డు మీద తెల్లగీత చూసుకుంటూ నడిపాడు. నాకు తమిళం రాదు, కారు నడపడం రాదు. ఇంటావిడ ఫోను నంబరు తప్ప ఆ ఊళ్లో ఇంకో నంబరు నా దగ్గర లేదు. రెండున్నర గంటలు పట్టింది. తెల్లారాక పరీక్షలన్నీ చేసి గుండె కాదు, గ్యాసే అని పంపించారు. ఆ వార్డులో మా మాటలు విని పక్క మంచం తాలూకు పెద్దావిడ తెలుగులో పలకరించింది. కోయంబత్తూరులో తరాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడే నాయుళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవిష్కర్త జి.డి. నాయుడు ఆ ఊరివాడేగా. ఆవిడ తెలుగు మా తాతమ్మ తెలుగులా ఉంది. ఏడుపు ఆగనిది అప్పుడే.

ఆ రాత్రి తరవాత ఊళ్లను చూసే నా పద్ధతి మారిపోయింది. కొండ ఊరి మంచిచెడ్డలు ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న రోజున తూచకూడదు. ఒకరు మంచం మీదుండి రెండోవారు, అందులోనూ భాష రానివారు, బండి నడపనివారు, ఒంటరిగా మిగిలిన రాత్రి ఆ ఊరు ఎలా ఉంటుందన్నదే కొలత. మన ఇళ్లలో ఆ రెండోవారు సాధారణంగా భార్య. ఊరు ఎంచేది మాత్రం సాధారణంగా భర్త.

ఈ కొలతతో డెహ్రాడూన్ ముందుంది. గుండె, మెదడు వైద్యం చేసే పెద్దాసుపత్రులు ఊళ్లోనే ఉన్నాయి, దారి చదును. రిషికేశ్ ఎయిమ్స్ 45 కిలోమీటర్లలోపే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్ సదుపాయముంది. హిందీ వస్తే చాలు, హైదరాబాదు వాళ్లకు ఆ చింతే లేదు, మా కోస్తావాళ్లం దూరదర్శన్ హిందీతో నెట్టుకొస్తాం. నీలగిరుల్లో 2022లో ఊటీలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు, కొంత మేలు. మాజీ సైనికులకు వెల్లింగ్టన్ మిలిటరీ ఆసుపత్రి ఉంది. మిగతావాళ్లకు పెద్ద జబ్బంటే కోయంబత్తూరే. 70 దాటిన వారందరికీ 5 లక్షల దాకా ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. మీరు వెళ్లే ఊళ్లో ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో బయల్దేరకముందే కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఫోనులో కాదు.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. కూనూరుకు సికింద్రాబాద్ నుంచి శబరి, మా వైపు నుంచి ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు చేరుస్తాయి, అక్కణ్నుంచి కారు. 1899లో మొదలైన ఆ పళ్లచక్రాల కొండ రైలు మనవలొచ్చినప్పుడు ఎక్కడానికి బాగుంటుంది, సామానుతో కాపురానికెళ్లేవాళ్లకి కాదు. డెహ్రాడూన్‌కి రైలంటే ఢిల్లీలో దిగి మారాలి. ఆనంద్ విహార్ నుంచి 2023లో వేసిన వందేభారత్ అయిదు గంటల లోపు తీసుకెళుతుంది గాని, అప్పటికే మీరు ఒక రోజు రైల్లో ఉన్నారు. కాబట్టి విమానమే. సొంత కారులో కూనూరు వెళ్లేవారికి ఇంకో మాట. 2024 మే నుంచి హైకోర్టు ఆదేశంతో నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి బళ్లకు ఈ-పాస్ పెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి సీజనులో మామూలు రోజుల్లో 6,000, శని, ఆదివారాల్లో 8,000 బళ్లే అని హద్దు గీశారు. మంచి పనే చేశారు, మే నెలలో ఆ రోడ్లు చూసినవారెవరూ కాదనరు.

కొనడమా, అద్దెకుండడమా? కొనకండి. ఉత్తరాఖండ్‌లో నగర పరిధి బయట ఇతర రాష్ట్రాల వాళ్లు 250 చదరపు మీటర్లకు మించి ఇంటిస్థలం కొనడానికి లేదు. 2025లో తెచ్చిన చట్టంతో 13 జిల్లాల్లో పదకొండింట సాగుభూమి బయటివాళ్లకు పూర్తిగా మూసేశారు. నగరం లోపల ఫ్లాటు కొనవచ్చు, అయితే అది భూకంపాల నేల, బిల్డరు మాట మీద సంతకం పెట్టకండి. నీలగిరుల్లో ఎవరైనా కొనవచ్చు, కానీ వాలు మీద కట్టడాలకు, ఎత్తుకు కట్టుదిట్టమైన నిబంధనలున్నాయి, అనుమతి లేని ఇళ్లకు సీళ్లు పడుతుంటాయి. చట్టం సరే, అసలు చిక్కు వేరు. ఏడాదిలో తొమ్మిది నెలలు మూసి ఉండే ఇల్లు ఆ తేమకి తలుపులుబ్బి, గోడలు పాచిపట్టి, మీరు వెళ్లిన మొదటి పదిహేను రోజులూ సేవ చేయించుకుంటుంది. రెండు ఇళ్లు తుడిచే ఓపిక ఎవరికుంది? ఒక తులసికోటకు నీళ్లు పోయించడానికే పక్కింటావిణ్ని బతిమాలుకుని వస్తున్నాను.

అద్దె విషయంలో కూనూరువాళ్లు గడుసువాళ్లు. ఏప్రిల్, మే రోజువారీ పర్యాటకుల మీద వచ్చేది నెల అద్దెకు నాలుగింతలు కాబట్టి ఆ రెండు నెలలకు ఇల్లివ్వరు. ఫిబ్రవరిలో వెళ్లి ఫిబ్రవరి నుంచే అద్దె కట్టే ఒప్పందం అడిగితే దొరుకుతుంది. నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో, తొట్టి ఎంతో చూడండి. వేసవిలో అక్కడ నీటికి కటకట. గేటు నుంచి గుమ్మానికి ఎన్ని మెట్లో లెక్కపెట్టండి. మేము మొదటి ఇంట్లో లెక్కపెట్టలేదు. అరవై రెండు.

మాట్లాడే మనిషి లేకపోవడం కూడా ఖర్చే, ఏ లెక్కలోనూ రాయరు. డెహ్రాడూన్‌లో పాత సహోద్యోగులుంటే సాయంత్రాలు గడిచిపోతాయి, లేకపోతే ఫ్లాటు తలుపులు మూసే ఉంటాయి, విజయవాడలో లాగే. కూనూరులో మా ఇంటావిడది నీలగిరుల్లోని బడగ కుటుంబం. మొదటి వారం సైగలు, రెండో వారం వంకాయ, మూడో వారం ఆవకాయ, నాలుగో వారం నుంచి ఆవిడకు నాకు భాషతో పనిలేకపోయింది.

తీర్పు చెప్పమంటే, ఎండ తప్పించుకోవడమే పనైతే కూనూరే, అదీ ఇద్దరి గుండె, మోకాళ్లు బాగున్నన్నాళ్లు. వారానికో ఆసుపత్రి అవసరమున్నవారికి, హిమాలయాన్ని చూస్తూ ఉండాలన్న కోరికున్నవారికి డెహ్రాడూన్, కానీ అక్టోబరులో, మార్చిలో. వేసవికి మాత్రం కాదు. డెబ్బై అయిదు దాటాక రెండూ వద్దు, ఇంట్లో ఒక గదికి మంచి కిటికీలు, ఇన్వర్టరు పెట్టించుకోవడమే మేలు.

మేము వచ్చే ఫిబ్రవరి 15కి కూనూరు వెళుతున్నాం. ఈసారి ఇల్లు నేను చూశాను. మెట్లు తొమ్మిది, ఆసుపత్రి నడిచి వెళ్లే దూరం, టాక్సీ డ్రైవరు నంబరు గోడమీద రాసి ఉంది. ఆవకాయకి మే రెండో వారంలో నేనొక్కదాన్నీ పది రోజులు దిగి వస్తాను. ఆ పది రోజులూ వంట మావారిది.